లోపలి గొళ్ళెం

తొంభై ఒకటి జనవరిలో నన్ను తబూక్ పంపాలని మదాం నిర్ణయించింది. అక్కడ ఆమె చెల్లెలు ఉంటుంది. యుద్ధం వస్తుందన్న భయంతో వాళ్ళ పనిమనిషి ఇంటికి వెళ్ళిపోయిందట. "తల్లీ కూతురూ ఒకే ఇంట్లో ఎందుకు? తల్లి ఇక్కడ చేస్తుంది, కూతురు అక్కడ చేస్తుంది" అని మదాం ఉల్లిపాయల సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. అమ్మ నా బట్టలు సంచిలో సర్దింది. సాంఘిక శాస్త్రం పుస్తకం అడుగున పెట్టింది. ఇంతలో మేం ఉండే రియాద్‌లో సైరన్లు మోగాయి. తబూక్‌లో సైనిక విమానాలు ఉంటాయి, ఇప్పుడు అటు ఎవరూ వెళ్ళవద్దని ఇంటి యజమాని, మదాం భర్త బాబా అన్నాడు. అమ్మ సంచి విప్పి నా బట్టలు మళ్ళీ మేకుకు తగిలించింది.

యుద్ధం తొందరగా ఆగిపోవాలని అందరూ దువా చేస్తున్నారు. నేను నమాజు చాప మీద కూర్చుని, ఎవరికీ వినపడకుండా, ఇంకొన్నాళ్ళు సాగనివ్వమని అడిగాను. అడిగినందుకు సిగ్గుగానే ఉంది. యుద్ధం ఉన్నన్నాళ్ళే నేను అమ్మ దగ్గర ఉంటాను.

మాది రాయచోటి దగ్గర పల్లె. మేం దూదేకులవాళ్ళం. మా నాన్న పీర్ సాహెబ్ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. కుట్టిన పరుపు తిప్పడానికి రెండో మనిషి కావాలి కాబట్టి అమ్మ వెంట వెళ్ళేది. నేను కాస్త ఎదిగాక నేనూ వెళ్ళేదాన్ని. ఫోము పరుపులు వచ్చాక పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. తర్వాత నాన్న దగ్గి దగ్గి పోయాడు. అమ్మకు ఇక్కడ ఇంటిపని దొరికినప్పుడు నన్ను ఎవరి దగ్గరా వదలలేక తనతో తెచ్చుకుంది. పాస్‌పోర్టులో నాకు ఇరవై నాలుగేళ్ళు. నిజానికి పదహారు. పదో తరగతి పరీక్ష రాయకుండానే వచ్చేశాను.

అమ్మ భయమంతా తబూక్ దూరం గురించి కాదు. ఆ ఇంటి గురించి. ఆ సంగతి పుష్పక్క వల్ల తెలిసింది. పుష్పక్క మాతోపాటు ఇక్కడే పనిచేస్తుంది. రాజోలు దగ్గర ఊరు. ఆమె కొడుకు అక్కడ అమ్మమ్మ దగ్గర ఉంటాడు. అంతకు ముందు ఏడు మదాం ఆమెను రెండు నెలలు తబూక్ పంపింది.

"ఆ ఇంట్లో పనోళ్ళ గదికి గొళ్ళెం బయటేనక్కా" అని వంటింట్లో ఆమె అమ్మతో చెప్పింది. "లోపల ఏటీ లేదు. రాత్రయితే ఆళ్ళే ఏత్తారు, ఆళ్ళే తీత్తారు. ఎవరు తీత్తారో, ఎప్పుడు తీత్తారో మనకి తెలీదు."

"మరి నువ్వెట్ల పండుకునేదానివి?" అని అమ్మ అడిగింది.

"తలుపుకి కుక్కర్ ఆనించి, దాని మీద గిన్నెలు పేర్చేదాన్ని. ఎవడు నెట్టినా గలగలా పడిపోవాలి. రెండుసార్లు పడ్డాయి."

తర్వాత ఏమైందని అమ్మ అడగలేదు. పుష్పక్క చెప్పలేదు. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను. నా చేతిలో రాయి లేని గింజలు కూడా చాలాసేపు అటూ ఇటూ తిరిగాయి.

సైరన్లు రోజూ మోగడం మొదలయ్యాక బాబా కుటుంబాన్ని మదీనాకు తీసుకెళ్ళాలనుకున్నాడు. పవిత్ర నగరం మీద ఎవరూ బాంబులు వెయ్యరని అందరి నమ్మకం. వీధిలో చాలామంది అప్పటికే వెళ్ళిపోయారు. బాబా తల్లి మాత్రం రానంది. ఆమెను మేం హజ్జా అని పిలుస్తాం. తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. కారులో అంత దూరం కుదిపితే దారిలోనే పోతానని, పోయేదేదో తన గదిలోనే పోతానని గట్టిగా అరిచింది. మేం ముగ్గురం ఆమెతో ఉండాలని తేలింది. డ్రైవర్ భూమేషన్న హిందువు కాబట్టి మదీనాలోకి పోనివ్వరు. అందుకని కారు బాబానే నడుపుకున్నాడు. భూమేషన్న గేటు పక్క గదిలో ఉండిపోయాడు. ఆయనది మెట్‌పల్లి వైపు. డ్రైవర్ కాకముందు తలుపులు, కిటికీలు బిగించే పని చేసేవాడు.

వెళ్ళేముందు బాబా ఒక గది కిటికీలకు ప్లాస్టిక్ కాగితం కప్పించి అంచులకు టేపు అంటింపజేశాడు. విషవాయువు వస్తే లోపలికి రాకుండా. మాస్కులు ఇంట్లో మనుషుల లెక్కన ఇచ్చారట. ఆ లెక్కలో మేం లేం. హజ్జా మాస్కు ఒకటి ఆమె తలగడ పక్కన పెట్టి మిగిలినవి మదీనాకు తీసుకెళ్ళారు.

"నీకన్నా ఇచ్చినారా నాయనా?" అని అమ్మ భూమేషన్నను అడిగింది.

"యాడిదక్కా. తువాల తడుపుకొని మూతికి కట్టుకొమ్మన్నరు. ఉన్నది కారు తుడిశే తువాల. గ్యాసుకు సావకున్నా ఆ వాసనకు సస్త."

పుష్పక్క నవ్వింది. నాకు కూడా నవ్వు వచ్చింది కానీ ఆయన ముందు నవ్వలేక లోపలికి వెళ్ళిపోయాను.

ఆ రోజుల్లో అలసట అంటే ఏమిటో నాకు తెలిసింది. పని తగ్గింది, నిజమే. కానీ నిద్ర లేదు. సైరన్ మోగితే హజ్జాను దుప్పటితో పాటు మోసుకుని ఆ గదిలోకి తేవాలి. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కాలి. ముప్పు తప్పిందన్న సైరన్ మోగగానే అన్నీ తీసి మళ్ళీ మోసుకుపోవాలి. ఒకరోజు పుష్పక్క గోడకు ఆనుకుని కూర్చుని, "ఇంక మొయ్యలేను. ముసలామెను ఇక్కడే ఉంచేద్దాం, మనమూ ఇక్కడే ఉందాం" అంది. అప్పటి నుంచి నలుగురం ఆ గదిలోనే ఉన్నాం. పగలు కూడా చీకటి. ప్లాస్టిక్ కాగితం గాలికి ఉబ్బి, మళ్ళీ లోపలికి పీల్చుకుపోయేది.

"ఏటే ఆ పుస్తకంలో, ఎప్పుడూ అదే తిరగేత్తావు?" అని పుష్పక్క అడిగింది ఒక సాయంత్రం.

"చరిత్ర."

"ఎవరి చరిత్ర?"

"యూరప్‌ది. పాతకాలంది. ప్లేగు తెగులు వచ్చింది."

"తెగులా. బానే ఉంది మనకి తగ్గట్టు. చదువు."

నేను చదివాను. నలుగురిలో చదవాలంటే నాకు గొంతు రాదు. స్కూల్లో ఓబులయ్య సార్ ఎప్పుడు నిలబెట్టినా మెల్లగా గొణిగేదాన్ని. "గట్టిగా చదవవే, పైన ఇమానాలకన్నా గట్టిగా" అంది పుష్పక్క. ఈ పాఠాన్ని సార్ మాకు చెప్పలేదు. పరీక్షకు రాదని వదిలేశారు. అందుకే నాకూ అది కొత్తే.

ముందు ఎడతెరిపి లేని వానలు పడి పంటలు కుళ్ళిపోయి కరువు వచ్చిందట. ఆ కరువు మరిచిపోకముందే ఓడల్లో ఎలుకలతో తెగులు వచ్చిందట. చంకల్లో, గజ్జల్లో గడ్డలు లేచి, ఒంటి మీద నల్లమచ్చలు పడి చచ్చిపోయేవాళ్ళు. మూడోవంతు మనుషులు పోయారు. కోసేవాళ్ళు లేక చేలు నిలువునా ఎండిపోయాయి. కొన్ని చోట్ల జబ్బు వచ్చిన ఇంట్లో మనుషుల్ని లోపలే ఉంచి తలుపులు మూసేసేవాళ్ళు. ధనవంతులు పట్టణాలు వదిలి పల్లెల్లో ఉన్న తమ భవనాలకు వెళ్ళిపోయారు.

"పనోళ్ళని ఒదిలేసా?" అని పుష్పక్క మధ్యలో అడిగింది.

"పుస్తకంలో లేదు."

"ఒదిలేసే ఉంటారులే. ఇల్లు చూసుకోడానికి మనుషులు కావాలి కదా."

అమ్మ హజ్జా కాళ్ళకు నూనె రాస్తోంది. తల ఎత్తకుండా, "కానీ మ్మే, ఆపొద్దు" అంది.

పొలం పనివాళ్ళు ప్రభువు అనుమతి లేకుండా ఊరు దాటకూడదట. పెళ్ళి చేసుకోవాలన్నా ఆయన్నే అడగాలట. పుట్టిన బిడ్డ కూడా ఆ పొలానికి చెందినదేనట.

"కఫీలు" అంది పుష్పక్క. వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమానిని ఇక్కడ అలా అంటారు.

"కఫీలు కాదు, ప్రభువు" అన్నాను.

"అదేలే. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కాగితం ఒకటే తక్కువ ఆళ్ళకి."

తెగులు తర్వాత పనివాళ్ళు చాలా తక్కువైపోయారు. అప్పుడు మిగిలినవాళ్ళు మొదటిసారి నోరు తెరిచి, మాకు ఇది కావాలి, ఇది ఇస్తేనే చేస్తాం అని అడిగారు. కొందరు రాత్రికి రాత్రి పక్క ఊరు వెళ్ళిపోతే, అక్కడి ప్రభువు ఎక్కడి నుంచి వచ్చావని అడగకుండా పెట్టుకున్నాడు. నేను అంతవరకు చదివేసరికి సైరన్ మోగింది. పుస్తకం మూసేశాను. దూరంగా ఏదో పేలింది. ప్లాస్టిక్ కాగితం గట్టిగా కొట్టుకుంది.

హజ్జాకు మా మాటలు అర్థం కావు కానీ మా ముఖాలు చూస్తూ ఉండేది. ఆ పిల్ల ఏం చదువుతోందని అరబ్బీలో అడిగింది. తెగులును ఇక్కడ తాఊన్ అంటారు. నాకు వచ్చిన వంటింటి అరబ్బీతో, "తాఊన్, హజ్జా. చాలామంది చనిపోయారు" అన్నాను.

"ఎప్పుడు?"

"ఆరువందల ఏళ్ళ కింద."

"అంత వెనక్కి ఎందుకు?" అంది ఆమె చిరాగ్గా. "మా ఊరికి నా చిన్నప్పుడే వచ్చింది ఒక జబ్బు. శవాలు మొయ్యడానికి పాడెలు చాలలేదు. ఇళ్ళ తలుపులు ఊడదీసి వాటి మీద మోశారు. మా తలుపు మీద మా అమ్మ వెళ్ళింది. అదే తలుపు మీద మా అన్నలు వెళ్ళారు. తర్వాత మా నాన్న దాన్ని కడిగి మళ్ళీ గుమ్మానికి బిగించాడు. ఆ ఏడాదిని మేం దయ ఏడాది అంటాం."

నేను ఆ మాటలు తెలుగులో చెప్పాను. పుష్పక్క నమ్మలేనట్టు చూసింది. "అంతమంది పోతే దయేటి? అడుగు."

అడిగాను. హజ్జా కొంచెంసేపు పైకప్పు వైపు చూసింది. "వేరే పేరు పెడితే మా నాన్న మళ్ళీ ఖర్జూరం తోటకి వెళ్ళేవాడు కాదు" అని, వెంటనే, "మీ నోళ్ళు మూసి నా నడుము కింద దిండు సర్దండి" అని కసిరింది.

ఆమె మంచిది కాదు, చెడ్డది కూడా కాదు. నొప్పితో ఉన్న మనిషి. ఫోము పరుపు మీద పడుకుని పడుకుని వీపు మీద పుండ్లు పడ్డాయి. అమ్మ ఆ పుండ్లు చూసినప్పుడల్లా నాలుక చప్పరించేది. ఒకరోజు సామాన్ల గదిలో పాత దూది పరుపు ఒకటి కనిపించింది. చాలా ఏళ్ళ నాటిది, గడ్డలు కట్టి రాయిలా ఉంది. అమ్మ దాన్ని వేలితో నొక్కి చూసి, కుట్టు విప్పి, గుప్పెడు దూది లాగి చెంపకు ఆనించుకుంది. నాన్న పోయాక అమ్మ ముఖం అలా ఉండటం అదే మొదటిసారి చూశాను.

"మంచి దూది మ్మే. ఏకితే లేస్తాది" అంది.

మా ఊళ్ళో దూది ఏకే పని నాలుగు గోడల మధ్య చేస్తారు. గాలి తగలకూడదు. ఆ సంగతి అమ్మకంటే ఎవరికి బాగా తెలుసు? కానీ ఉన్న గదులన్నీ చలిగా ఉన్నాయి, పరుపులో చెమ్మ ఉంది, మేడ మీద మంచి ఎండ ఉంది. చాలా రోజులు చీకట్లో ఉండి మాకు కూడా ఎండ కావాలనిపించింది. ఆ రోజు సైరన్ మోగలేదు. ముక్కుకు, నోటికి గుడ్డలు కట్టుకుని ఇద్దరం పైకి ఎక్కాం. విల్లు లేదు కాబట్టి సన్నటి కర్రలతో కొట్టాం. అమ్మ కొడుతుంటే నేను విప్పాను. గడ్డలు విడిపోయి దూది మోకాళ్ళ ఎత్తు లేచింది. అప్పుడు గాలి వచ్చింది.

ముందు పిట్టగోడ దాటి కొంచెం వెళ్ళింది. మేం పట్టుకునేలోపు తెల్లగా పొగలాగా లేచి పక్క మేడ మీదికి, అక్కడి నుంచి వీధిలోకి వెళ్ళిపోయింది. కింద ఒక పిల్లవాడు అరిచాడు. తర్వాత ఒక ఆడమనిషి కేకలు వేసింది. కిటికీలు టపటపా మూసుకున్నాయి. ఎవరో కారు హారన్ ఆపకుండా మోగించారు. పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తే, ముక్కులకు గుడ్డలు కట్టుకుని తెల్లటి పొగ వదులుతున్న మా ఇద్దరినీ వీధంతా చూస్తోంది.

భూమేషన్న మెట్లెక్కి ఉరికి వచ్చాడు. తడి తువాలు ముఖానికి కట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని, దూదిని చూసి అక్కడే కూలబడ్డాడు.

"అక్కా, ఏం జేసినవే? గ్యాసు అచ్చిందని గల్లీ మొత్తం ఆగమాగం అయితున్నది గదా."

"పరుపు నాయనా" అంది అమ్మ. "హజ్జాకు."

మాస్కులు పెట్టుకున్న పోలీసులు వచ్చారు. ఒకతను చాలాసేపు దూదిని దూరం నుంచి చూసి, తర్వాత బూటుతో తాకి, మాస్కు తీసి అమ్మను బాగా తిట్టాడు. ఆ తిట్లన్నీ నాకు అర్థం కాలేదు. అర్థమైనవి ఇక్కడ రాయలేను. అమ్మ తల వంచుకుని నిలబడింది. కనుబొమ్మల మీద, రెప్పల మీద దూది పీచు ఉంది. ఒక్కరోజులో ముసలిదైపోయినట్టు కనిపించింది.

పక్కింటివాళ్ళు మదీనాకు ఫోన్ చేశారు. సాయంత్రం బాబా ఫోన్ చేశాడు. అమ్మ రిసీవర్ పట్టుకుంది కానీ ఆయన గొంతు గది అంతా వినిపించింది. వీధిలో తన పరువు పోయిందన్నాడు. ఒకే ఇంట్లో తల్లీ కూతురూ ఉంటే ఇలాగే ఆటలు ఆడతారన్నాడు. యుద్ధం అయిపోయిన మర్నాడే కూతురు తబూక్ వెళ్తుంది అన్నాడు. అమ్మ, అన్నిటికీ సరేనన్నట్టు "హాజిర్ బాబా, హాజిర్ బాబా" అంటూ ఉంది. ఫోన్ పెట్టేశాక కూడా ఒకసారి అంది.

అయినా మిగిలిన దూదితో పరుపు కుట్టింది. కొంచెం పలచన అయింది. హజ్జాను దాని మీదికి మార్చాలి, పొద్దునా సాయంత్రం పక్కకు తిప్పాలి. మొదటిరోజు పుష్పక్క, అమ్మ కలిసి తిప్పబోతే ఆమె నొప్పికి అరిచింది. తర్వాత అమ్మ నన్ను పిలిచింది. నాన్న కుట్టిన కొత్త పరుపును ఎలా తిప్పేవాళ్ళమో అలాగే చేశాం. కుట్లు తెగకూడదంటే రెండు కొసలూ ఒకేసారి లేవాలి. మాటతో చెప్పుకుంటే ఆలస్యమైపోతుంది. ఎదుటి మనిషి భుజం చూస్తూ, ఊపిరి లోపలికి తీసినప్పుడు ఎత్తాలి, వదిలినప్పుడు దించాలి. అమ్మ తల వైపు, నేను కాళ్ళ వైపు దుప్పటి అంచులు పట్టుకున్నాం. హజ్జా పక్కకు తిరిగింది. అరుపు రాలేదు. కళ్ళు తెరిచి, అయిపోయిందా అన్నట్టు మమ్మల్ని చూసింది. ఆ రోజు నుంచి ఆమెను మేమిద్దరమే తిప్పేవాళ్ళం. పుండ్లు మెల్లగా ఎండాయి.

ఫిబ్రవరి ఆఖర్లో యుద్ధం ఆగిపోయింది. వీధుల్లో కార్లు హారన్లు మోగిస్తూ తిరిగాయి. పుష్పక్క కిటికీకి అంటించిన టేపు గోళ్ళతో చీల్చి, ప్లాస్టిక్ కాగితం లాగి పడేసింది. వెలుతురు ఒక్కసారిగా వచ్చి పడింది. అమ్మ ఆ వెలుతురులో కూర్చుని నా బట్టలు మడతపెట్టింది.

మదీనా నుంచి వాళ్ళు వచ్చారు. మదాం రాగానే ఇల్లంతా తిరిగి చూసి, "రిజ్వానా, ఎల్లుండి మేం తబూక్ వెళ్తున్నాం. నువ్వు మాతో వస్తున్నావు" అంది. అప్పటికే సంచి సిద్ధంగా ఉంది. నేను తల ఊపాను. నాకు అదొక్కటే చేతనవును.

మర్నాడు పొద్దున హజ్జాను తిప్పే వేళకు మదాం కూడా గదిలోకి వచ్చింది. నేను వెళ్ళిపోతాను కాబట్టి ఇక నుంచి పుష్ప చెయ్యాలని, తన ముందే ఒకసారి చేసి చూపించమని అంది. నేను గోడ పక్కన నిలబడ్డాను. పుష్పక్క కాళ్ళ వైపు దుప్పటి పట్టుకుంది. అమ్మ తల వైపు. పుష్పక్క ఈసారి చాలా జాగ్రత్తగా అమ్మ భుజమే చూస్తోంది. అమ్మ ఊపిరి తీసింది. పుష్పక్క ఎత్తింది.

అమ్మ ఎత్తలేదు.

రెప్పపాటే. కానీ నేను చూశాను. ఊపిరి తీసి చేతులు అలాగే ఉంచేసింది. హజ్జా నడుము మెలిపడింది. ఆమె పెట్టిన అరుపుకు బాబా పరుగెత్తుకొచ్చాడు. హజ్జా మదాం చేతిని కొట్టింది. కొడుకును తిట్టింది, కోడలిని తిట్టింది, పుష్పక్కను గాడిద అంది. "ఆ పిల్ల ఏది? నోరు లేనిది. దాన్ని పిలవండి" అని ఏడ్చింది. నేను వెళ్ళి దుప్పటి అంచు పట్టుకున్నాను. అమ్మ నా వైపు చూడలేదు. ఇద్దరం కలిసి ఎత్తాం. హజ్జా అరుపు ఆగింది.

బాబా తల్లి వీపు మీద మానిన పుండ్ల మచ్చలు చూశాడు. "వీళ్ళిద్దరూ ఇక్కడే ఉంటారు. మా అమ్మ ఉన్నంతవరకు" అన్నాడు.

మదాం చూపు మా మీది నుంచి పుష్పక్క మీదికి వెళ్ళి అక్కడ ఆగింది.

వంటింట్లోకి వచ్చాం. పుష్పక్క కప్పులు కడుగుతోంది.

"అక్కా" అంది వెనక్కి తిరగకుండా. "నువ్వు ఆపేశావు."

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ నిలబడిపోయింది. "ఆపినాను" అంది.

"ముసలామె నడుం ఇరిగేది."

"తెలుసు."

"నన్ను పంపుతారని కూడా తెలుసా?"

అమ్మ నేల మీద కూర్చుంది. "అంతదూరం ఆలోచన చేయల్యా పుష్పా. బిడ్డ సంచి కండ్ల ముందర ఉన్నింది. చెయ్యి లేయల్యా."

పుష్పక్క ఇంకో కప్పు కడిగింది, దాన్ని మళ్ళీ కడిగింది. "నాకు కూతురుంటే నేనూ అదే చేద్దును" అంది. "అయినా నీ మీద కోపం పోదు. ఉంటాది కొన్నాళ్ళు. నాతో మాటాడకు."

అమ్మ మాట్లాడలేదు. నేను కూడా. మధ్యాహ్నం అంట్లు తోముతుంటే పుష్పక్కే నన్ను పిలిచింది. "పిల్లా, ఆ పాఠంలో పనోళ్ళు తక్కువైనాక ఏదో అడిగారన్నావు. ఆళ్ళు ఎవరిని అడిగారు? గుంపుగా ఎళ్ళారా, ఒక్కొక్కరే ఎళ్ళారా?"

"రెండు రకాలుగానూ అడిగారని ఉంది."

"హాలులో మదాం ఫోన్లో చెప్తుంటే ఇన్నాను. రియాదంతా ఎతికినా పనిమనిషి దొరకట్లేదంట. భయపడి పోయినోళ్ళు ఎవరూ తిరిగి రాలేదంట." చేతులు కొంగుకు తుడుచుకుంది. "రా నాతో. నా అరబ్బీ తిరగబడితే నువ్వు సరిచెయ్యి."

వెనకే వెళ్ళాను. మదాం సోఫాలో కూర్చుని టీ తాగుతోంది. పుష్పక్క తివాచీ అంచున నిలబడింది.

"మదాం, తబూక్ వెళ్తాను. ఒకటి కావాలి."

మదాం కనుబొమ్మలు ఎత్తింది.

"నా గది తలుపుకు లోపలి వైపు గొళ్ళెం కావాలి. అది ఉంటేనే వెళ్తాను."

లోపల అనే మాట దగ్గర ఆమె అరబ్బీ తడబడింది. నేను చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మదాం నవ్వింది. "గొళ్ళెం ఎందుకు? ఆ ఇంటికి పెద్ద తాళాలే ఉన్నాయి కదా."

"ఆ తాళాలు మీకు. గొళ్ళెం నాకు."

మదాం నవ్వు ఆగింది. ఆమె పుష్పక్క ముఖం వైపు చాలాసేపు చూసింది. ఆ ఇంటి సంగతి ఆమెకు తెలుసని నాకు అప్పుడు అనిపించింది. ఎప్పటి నుంచో తెలుసు. టీ కప్పు కింద పెట్టి ఫోన్ దగ్గరికి వెళ్ళి తలుపు వేసుకుంది. తిరిగి వచ్చి, "గొళ్ళెం మీరే తెచ్చుకోండి" అని మాత్రం అంది.

భూమేషన్న ఆ సాయంత్రమే బతా బజారుకు వెళ్ళాడు.

"ఏం సైజు తేవాలె?" అని వెళ్ళేముందు అడిగాడు.

"గేటుకేసేదంత తే తమ్ముడూ" అంది పుష్పక్క.

"తలుపు కన్న గొళ్ళెమే పెద్దగుంటది."

"ఉండనీ. చూసినోడికి ముందు గొళ్ళెమే కనపడాల."

బయలుదేరే పొద్దున పుష్పక్క తన చెప్పులు తుడుచుకుని, సంచి కారులో పెట్టి, వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. అమ్మ ఆమెకు దారిలో తినమని రొట్టెలు కట్టి ఇచ్చింది. పుష్పక్క తీసుకుంది. అమ్మ ముఖం చూడలేదు, కానీ మూట తీసుకున్న చేతిని కొంచెంసేపు అలాగే ఉంచింది.

"పాఠం ఆఖరికి ఏమైందే?" అని నన్ను అడిగింది. "ఆ రోజు సైరన్ మోగి ఆగిపోయావు."

నేను తర్వాత ఒక్కదాన్నే చదివాను. చెప్పాలంటే మనసు రాలేదు. "రాజు చట్టం చేశాడు. తెగులుకు ముందున్న కూలికే పని చెయ్యాలని, ఊరు వదిలితే శిక్ష అని. తర్వాత వాళ్ళు తిరగబడ్డారు. అణిచేశారు."

"అంతేనా?"

"తర్వాత మెల్లమెల్లగా ఆ కట్టుబాటు పోయింది. నూరేళ్ళు పట్టింది."

"నూరేళ్ళా? అప్పటికి నా ఇకామా అయిపోద్దిలే" అంది. కాస్త ఆగి, "మరి ఆ నూరేళ్ళూ ఏం చేశారంట?" అని అడిగింది.

"పుస్తకంలో లేదు."

పుష్పక్క తల ఊపింది. కారు హారన్ మోగింది. వెళ్ళిపోయింది.

వాళ్ళు తిరిగి వచ్చేదాకా అమ్మ సరిగా తినలేదు. పని చేస్తూనే ఉంది. కారు వచ్చిన రోజు భూమేషన్న మదాం సామాన్లు దించి, వెనక తలుపు దగ్గరికి వచ్చి నీళ్ళు అడిగాడు. అమ్మ చెంబు ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగింది.

"పెట్టినావా నాయనా?"

"పెట్టిన అక్కా. గా ఇంటి పెద్దమనిషి నిలవడి చూసిండు, ఒక్క మాట అనలే. పొడుగు స్క్రూలు తెచ్చిన, అన్ని లోపలికంట దిగినయ్. తలుపు ఇరగాలె గని గొళ్ళెం రాదు." ఆయన మూతి తుడుచుకున్నాడు. "బిగించినంక, లోపలికి పోయి ఏస్కొని సూడు అన్న. పోయింది, ఏస్కున్నది. నేను బయటికెల్లి తట్టిన, సరే ఇగ తియ్యి అని. తియ్యలే. మల్ల తట్టిన. తియ్యలే. గంతసేపు నిలవడ్డ."

"ఏమన్నా అనిందా?"

"ఏమనలే. లోపల కూసున్నట్టుంది. నేను ఇగ పోతున్న అని చెప్పి అచ్చిన."

అమ్మ చెంబు తీసుకుంది. లోపల నుంచి హజ్జా పిలుస్తోంది, నడుము పట్టేసిందని, ఎక్కడ చచ్చారని. మేం వెళ్ళాం. అమ్మ తల వైపు, నేను కాళ్ళ వైపు.

"ఆ నోరున్నది ఏది?" అని హజ్జా అడిగింది. "కనిపించడం లేదు."

"తబూక్‌లో ఉంది" అన్నాను.

నేను అమ్మ భుజం వైపు చూశాను. ఊపిరి తీశాక ఎత్తుతుందా లేదా అని ఇప్పుడు ప్రతిసారీ భయపడుతూ చూస్తాను. అమ్మ ఊపిరి తీసుకుంది. ఎత్తాం.